అమ్మినంక బాధపడ్డ కార్లు: ఏది ఉంచుకోవాలె, ఏది తిరిగి కొనొచ్చు?

వరంగల్_చౌరస్తా
ఏపీ36 నంబరు, 1998 మోడల్ మారుతీ 800 ఉన్నది. కార్బురేటర్ బండి. ఆర్సీ గడువు 2023ల అయిపోయింది. రెండేళ్ల నుంచి షెడ్డుల నిలబడే ఉంది. బ్రోకర్ తుక్కు రేటు చెప్తున్నడు. ఎవర్ని అడిగినా "అమ్మినంక మస్తు బాధపడ్డం, నువ్వు అమ్మకు" అంటరు గానీ ఎందుకు బాధపడ్డరో లెక్కగ చెప్పరు. ఏ బండి అమ్మితే నిజంగ నష్టం, ఏది పోయినా పర్వాలేదు? ఉంచుకుంటే ఏమేం చెయ్యాలె? జ్ఞాపకాలు కాదు, పని చెప్పండి.

కార్బురేటర్_కాజీపేట
అమ్మకు. కారణం మనసుది కాదు, సామానుది.

800 బండ్లు 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైనై. నీ బండిల ఉన్న 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజినే ఓమ్నీల కూడ పెట్టిండ్రు, అది 2019 దాకా వచ్చింది. అందుకే పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు ఇయ్యాల కూడ దొరుకుతయి. హన్మకొండల లేకుంటే సికింద్రాబాద్ రాణీగంజ్‌ల దొరుకుతది. ఇంజిన్ గురించి భయం పెట్టుకోకు.

దొరకనియి వేరే. తలుపు రబ్బర్లు, అద్దాల బీడింగు, డ్యాష్‌బోర్డు, తలుపు లోపలి లాకు, అసలు కంపెనీ హెడ్‌లైటు. నీ బండిల అవి సక్కగ ఉంటే బండి విలువ అక్కడ్నే ఉన్నది. చానామంది ఇంజిన్ పొగ కొడ్తున్నదని బండి అమ్మేసి, తర్వాత ఇంకోటి కొని, దానికి రబ్బర్లు వెతుక్కుంట తిరుగుతరు. బాధ అక్కడ మొదలయితది.

గోదావరిఖని_2ఎల్
టయోటా క్వాలిస్ పేరు ఎవ్వరు ఎత్తకముందే నేను ఎత్తుత. మన బొగ్గుబాయిల దిక్కు ఎవర్ని అడిగినా ముందు చెప్పే బండి ఇదే.

2000ల వచ్చింది, 2005ల ఆపేసిండ్రు. 2446 సీసీ డీజిల్, ‘2ఎల్’ అనే పేరున్న ఇంజిన్, 75 హార్స్‌పవర్. టర్బో లేదు, కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే డీజిల్ ఇంజెక్షన్) లేదు, కంప్యూటర్ లేదు. పంపు, నాజిళ్లు, హీటర్ ప్లగ్గులు, అంతే. డీజిల్ల ఇంత నీళ్లు కలిసినా కొత్త బండ్ల లెక్క ఇంజెక్టర్ల సెట్టు మొత్తం మార్చే ఖర్చు మీద పడదు. మేడారం జాతరకు పదిమందిని ఎక్కించుకొని దుమ్ముల పోయి రావాలంటే దాని జోడు లేదు.

కొనేటోళ్లు చూడాల్సింది రెండు. ఒకటి టైమింగ్ బెల్టు. లక్ష కిలోమీటర్లకు మార్చాలె. మార్చిన కాగితం లేకుంటే మార్చలేదనే అనుకో. తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతయి, హెడ్డు విప్పుడే. రెండోది హెడ్డు పగులు. తెల్లారి చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒక్క నిమిషంల రేడియేటర్ పై గొట్టం చేత్తో పిసికి చూడు. నీళ్లు ఇంకా చల్లగనే ఉండి గొట్టం రాయి లెక్క గట్టిపడ్డదంటే గ్యాస్ నీళ్లల్లకు పోతున్నట్టు. గ్యాస్కెట్ అయినా పోయి ఉంటది, హెడ్డు అయినా పగిలి ఉంటది. ఆ బండి దగ్గర బేరం ఆడకు, ఇంటికి వచ్చేయ్.

పరకాల_పెట్రోల్
క్వాలిస్‌లు ఎక్కువ ట్రావెల్స్‌ల తిరిగినయే. మీటర్ నమ్మొద్దు. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరుగుదల, డ్రైవర్ సీటు కింద ఫ్రేము చూడాలె. ఇన్నోవా ఉండంగ దానికి బాధపడుడు ఎందుకో నాకైతే అర్థం కాదు.

గోదావరిఖని_2ఎల్
ఇన్నోవా మంచి బండే, కాదనను. కానీ దాని డీజిల్ ఇంజిన్ కామన్ రైల్. ఊర్ల మెకానిక్ దాని ఇంజెక్టర్ ముట్టుకోడు, జిల్లా కేంద్రానికి పంపాల్సిందే. క్వాలిస్ నాజిల్ ఊర్లనే విప్పి, పంపుల షాపుల టెస్ట్ చేయించుకోవచ్చు. తేడా అదే.

జెన్_993
పాత మారుతీ జెన్ అమ్మినోళ్ల బాధ వేరు. 1993 నుంచి 2006 దాకా వచ్చిన బండి. 993 సీసీ, మొత్తం అల్యూమినియం ఇంజిన్, 50 హార్స్‌పవర్. గేరు పడే తీరు, స్టీరింగ్ తేలిక, తక్కువ బరువు, ఇవి మూడు కలిసిన చిన్న బండి మళ్లీ రాలేదని నా గట్టి అభిప్రాయం.

ఈ ఇంజిన్‌కు పెద్ద శత్రువు వేడి. దాన్ని తెచ్చేది మన బోరు నీళ్లు. మా దిక్కు బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ. అవి రేడియేటర్ల పోస్తే గొట్టాల లోపల తెల్లగ పొర కడుతది, నీళ్ల పంపు రెక్కలు తింటది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయాలె, రెండేళ్లకోసారి మార్చాలె. ఎండకాలం వేడెక్కుతున్నదని కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ పీకి పడేస్తరు. అట్ల చేస్తే ఇంజిన్ ఎప్పుడు సరైన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతది, కార్బన్ పడ్తది, సిలిండర్ బోరు తొందరగ అరుగుతది. వేడెక్కే కారణం వేరే ఉంటది. ఫ్యాన్ స్విచ్చో, మూసుకపోయిన రేడియేటరో, వదులైన మూతనో. దాన్ని పట్టాలె.

ఒక్కసారి వేడి ముల్లు ఎర్రగీత దాటిన జెన్ కొంటే హెడ్డు విప్పి లేత్ షాపుల స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టించు. 0.05 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ వంపు ఉంటే ఫేసింగ్ (హెడ్డు అడుగు చదును) చేయించకుండ కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు.

నక్కలగుట్ట_వీటెక్
2000 నుంచి 2003 దాకా వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్ లిస్టుల లేకుంటే ఈ చర్చ పూర్తి కాదు. 106 హార్స్‌పవర్. దాన్ని తుక్కు రేటుకు ఇచ్చేసిన వాళ్లలో సగం మంది ఒకే ఒక్క లోపానికి భయపడి ఇచ్చిండ్రు. ఎండల నిలబెట్టినంక స్టార్ట్ కాదు, గంట ఆగితే అదే స్టార్ట్ అయితది. "ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పోయింది" అని చెప్తే నమ్మి అమ్మేసిండ్రు.

ఆ కాలపు హోండాలల్ల ఇది చానామటుకు మెయిన్ రిలే పని. డ్యాష్‌బోర్డు కింద చిన్న డబ్బా. లోపల సోల్డర్ సన్నగ పగిలి ఉంటది, వేడికి దూరం జరిగి కరెంట్ తెగుతది. గుర్తుపట్టే పద్ధతి: తాళం ఆన్ పొజిషన్‌కు తిప్పితే వెనుక ట్యాంకుల పెట్రోల్ పంపు రెండు సెకన్లు గుయ్‌మనాలె. ఎండల ఆ చప్పుడు రాకుంటే రిలే విప్పు, అడుగున పిన్నుల చుట్టూ ఉంగరం లెక్క సన్నని గీత కనిపిస్తది. మళ్లీ సోల్డర్ పెడితే అయిపాయె. పంపు చప్పుడు వచ్చి కూడ స్టార్ట్ కాకుంటే డిస్ట్రిబ్యూటర్ లోపలి ఇగ్నైటర్ చూడాలె.

ములుగురోడ్_గ్రీజు
అంబాసిడర్, పాత టాటా సియెర్రా గురించి రెండు ముక్కలు.

అంబాసిడర్ సామాను అనుకున్నంత కష్టం కాదు, 2014 దాకా ఉత్తరపారాల తయారైంది. దాన్ని చంపేది గ్రీజు లేకపోవుడు. ముందు చక్రాల దగ్గర నిప్పల్స్ ఉంటయి. వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకోసారి గన్‌తోటి కొట్టాలె, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి వచ్చేదాకా. ఇప్పటి సర్వీసింగ్ పోరగాళ్లకు ఆ నిప్పల్స్ ఉన్నయనే తెల్వదు. స్టీరింగ్ గుంజుతున్నదంటే ముందు అక్కడ చూడుండ్రి.

సియెర్రా 1991ల వచ్చింది. ఇంజిన్ 1948 సీసీ డీజిల్, టాటా పికప్ బండ్లదే. కాబట్టి ఇంజిన్, గేర్‌బాక్స్ సామాను సంగతి పర్వాలేదు. వెనుక పక్కల, పైకప్పు దిక్కు వంగిన పెద్ద అద్దాలు ఉంటయి చూడు, అవి పగిలితే ఏడ్పే. అద్దాలు పగలకుండ ఉన్న సియెర్రా దొరికితే ఇంజిన్ జామ్ అయినా సరే వదలొద్దు. ఇంజిన్ బాగుండి అద్దం లేని బండిని మాత్రం దండం పెట్టి వదిలెయ్.

ఆర్టీఏ_కాగితాలు
చౌరస్తా గారూ, ఉంచుకున్నా, అమ్మినా, తుక్కుకు ఇచ్చినా ముందు కాగితం లెక్క చూసుకోండి.

ఉంచుకుంటే: ఫారం 25తో ఆర్సీ రెన్యువల్. బీమా, కాలుష్య సర్టిఫికెట్ ఉండాలి, బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. కేంద్ర నిబంధనల ప్రకారం 15 నుంచి 20 ఏళ్ల మధ్య కారుకు ఫీజు 5,000. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు 10,000. మీది రెండో కోవ. గడువు దాటాక ఆలస్యానికి నెలకు 500. అంటే 24 నెలలకే 12,000 అవుతుంది. గ్రీన్ ట్యాక్స్ వేరే. బండి రోడ్డెక్కే స్థితిలో లేకపోయినా ఆ నెలల లెక్క ఆగదు. ముందు బండి మీద లక్ష పెట్టి తర్వాత కాగితం చూద్దామనుకోవద్దు. ఏపీ36 నంబరు గురించి బెంగ లేదు, పాత నంబర్లు చెల్లుతాయి.

అమ్మితే: పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. సంతకం పెట్టి ఖాళీ ఫారాలు బ్రోకర్ చేతికి ఇవ్వడమే అసలు తప్పు. కొన్నవాళ్లు పేరు మార్చుకోకుండా తిప్పి ప్రమాదం చేస్తే పరిహారం బాధ్యత రిజిస్టర్లో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మిన 14 రోజుల్లో మీరే రిపోర్టు చేయాలి.

తుక్కుకు ఇస్తే: గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆర్సీ రద్దు చేయించండి. ఇనుప సామాను అంగడికి ఇస్తే మీ ఛాసిస్ నంబరు ఇంకో బండి మీద బతుకుతుంది.

జగిత్యాల_ఎన్‌వోసీ
ఢిల్లీ బండ్లు తెచ్చుకుంటే ఎట్లుంటది? అక్కడ పెట్రోల్‌కు 15, డీజిల్‌కు 10 ఏళ్ల నిబంధన వల్ల చవకగ వస్తున్నయి. జిప్సీలు కూడ.

ఆర్టీఏ_కాగితాలు
ఫారం 28 ఎన్‌వోసీ (బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) అక్కడి ఆఫీసు నుంచి వచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి. ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి, అది కలిపితే చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. ఛాసిస్ ప్రింటు మీరే తీయండి: నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అక్షరాలు లేస్తాయి. అక్షరాల లోతు ఒక్కతీరుగా లేకపోయినా, చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపించినా కొనొద్దు. ఇంకోటి: గ్యాస్ కిట్ పీకేసిన బండ్లు చాలా వస్తాయి. ఆర్సీలో ఎల్‌పీజీ అని అలాగే ఉంటే రెన్యువల్ రోజు ఆగిపోతుంది.

రేకులపని_హన్మకొండ
ఇంజిన్లు, కాగితాలు అన్నీ చెప్పిండ్రు, బాడీ సంగతి ఎవ్వరు చెప్తలేరు. ఇంజిన్ దించి ఎక్కియ్యొచ్చు, బాడీ కుళ్లితే బండి లేనట్టే. 800కు వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్.

ఒక చిన్న అయస్కాంతం తీసుకో, స్పీకర్ల నుంచి పీకింది వద్దు, ఫ్రిజ్ మీద అంటించే బలహీనమైనదే మంచిది. దానికి పలుచటి బట్ట చుట్టు, పెయింట్ మీద గీతలు పడయి. తలుపు కింద రన్నింగ్ బోర్డు మీద ముందు నుంచి వెనుకకు నాలుగు అంగుళాలకోసారి ఆనించుకుంట పో. రేకు ఉన్నకాడ టక్కున పట్టుకుంటది. లప్పం ఉన్నకాడ జారి పడ్తది. పడ్డకాడల్ల సుద్దముక్కతోటి గీత పెట్టు. తర్వాత వెనుక చక్రాల పైన వంపు, తలుపుల కింది అంచు.

అది అయినంక లోపల మ్యాట్ లేపు. డ్రైవర్ కాళ్ల కింద, పక్క సీటు కింద స్క్రూడ్రైవర్ పిడితోటి కొట్టి విను. మంచి రేకు ఖణేల్మంటది. కుళ్లింది దబ్‌మని మెత్తగ మోగుతది. ఇంజిన్ రూముల బ్యాటరీ కింద పళ్లెం చూడు, యాసిడ్ కారి ఫస్టు అదే పోతది. ఆఖరికి ముందు షాకబ్జర్లు పైన బిగించే గుండ్రటి చోటు. అక్కడ పొరలు పొరలుగ లేస్తున్నదంటే ఆ బండి మీద పైస పెట్టకు. మిగతావన్నీ కోసి కొత్త రేకు వెయ్యొచ్చు.

మనది సముద్రం లేని జాగ, అందుకే ఇటు నంబర్ల బండ్ల బాడీలు విశాఖ, చెన్నై బండ్ల కన్నా గట్టిగుంటయి. ఏపీ36, ఏపీ15, ఏపీ25, ఏపీ01 బండ్లు పోగొట్టుకొని సముద్రం ఒడ్డు బండి కొనుక్కునేటోళ్లను చూస్తే పానం ఉసూరుమంటది.

వరంగల్_చౌరస్తా
అయస్కాంతం పని రేపు పొద్దుగాల చేస్త. రెండేళ్లు నిలబడ్డ ఇంజిన్ ఎట్ల స్టార్ట్ చెయ్యాలె? బ్యాటరీ పెట్టి కొట్టొచ్చా?

కార్బురేటర్_కాజీపేట
కొట్టకు! పొడి సిలిండర్ల రింగులు గీసుకపోతయి.

మూడు ప్లగ్గులు విప్పు. ఒక్కొక్క సిలిండర్ల ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పొయ్యి, ఒక రాత్రి వదిలెయ్. తెల్లారి గేరు న్యూట్రల్ల పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి ఇంజిన్ తిరిగే దిక్కే చేత్తోటి రెండు చుట్లు తిప్పు. ఎక్కడన్న గట్టిగ ఆగితే బలం పెట్టకు, ఆపి కారణం చూడు. టైమింగ్ బెల్టు పగుళ్లు ఉంటే మార్చినంకనే ముందుకు పో.

పాత పెట్రోల్ మొత్తం ట్యాంకు కింది నుంచి తియ్. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ కొత్తయి వెయ్యి. కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున బెల్లం పాకం లెక్క అతుక్కొని ఉంటది. పైలట్ జెట్టుల సూది పెట్టకు, రంధ్రం పెద్దగయితే ఐడ్లింగ్ ఎప్పటికి నిలవదు. క్లీనర్ స్ప్రే కొట్టి, గాలితోటి ఊదాలె. ఎదురుగ వెలుతురు పెట్టి చూస్తే గుండ్రటి చుక్క కనబడాలె.

ప్లగ్గులు విప్పి ఉండంగనే కాయిల్ వైరు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టు, పది పది సెకన్లు. అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్ట్ చెయ్.

జెన్_993
స్టార్ట్ చేసి ఇంజిన్ వేడెక్కినంక కంప్రెషన్ గేజి (సిలిండర్ల ఒత్తిడి కొలిచేది) పెట్టించు. ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలేటర్ పూర్తిగ తొక్కి కొలవాలె. మూడింటి మధ్య తేడా కేజీ దాటొద్దు. ఒకటి తక్కువ వస్తే దాంట్ల చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలువు. పెరిగితే రింగులు, పెరగకుంటే వాల్వులు. బోరు చేయించాల్నా, వాల్వ్ గ్రైండింగ్ చాలునా అన్నది ఈ చెంచాతోటే తెలుస్తది.

పరకాల_పెట్రోల్
స్టార్ట్ అయినంక అసలు తంటా కొత్త పెట్రోల్‌ది. ఇప్పుడు బంకులల్ల 20 శాతం ఇథనాల్. 1998ల రబ్బరు దానికి చేసింది కాదు. పెట్రోల్ పైపు లోపల ఉబ్బి పొరలు ఊడుతది, పంపు డయాఫ్రం గట్టిపడి పగులుతది, కార్బురేటర్ నీడిల్ కొస పాడయితది. ఇథనాల్ నీటిని గుంజుకుంటది కూడ. వానకాలం నెలల తరబడి నిలబడితే నీళ్లు అడుగున వేరుపడి ట్యాంకు లోపల తుప్పు పడ్తది.

పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే ఫ్లోరో రబ్బరువి వెయ్యి, మీద ఆర్9 అని అచ్చు ఉంటది. వెనుక ట్యాంకు నుంచి వచ్చే ముక్క మర్చిపోతరు, అది కూడ మార్చాలె. ముందు రెండు ట్యాంకులు అయినంక ఫిల్టర్ మళ్లీ మార్చు, పాత మడ్డి అంత ఊడి వస్తది. బండి నెల కన్నా ఎక్కువ తియ్యనప్పుడు ట్యాంకుల పెట్రోల్ తక్కువ ఉంచు.

కార్బురేటర్_కాజీపేట
తక్కువ ఉంచుమన్నది నేను ఒప్పుకోను. ఖాళీ జాగ ఎక్కువ ఉంటే లోపల తేమ గాలి ఎక్కువ, రేకు తుప్పు పడ్తది. నింపి ఉంచి, వారానికోసారి తిప్పి ఖర్చు చేసుడే మేలు.

పరకాల_పెట్రోల్
వారానికోసారి తిప్పేటోడికి నీ మాటే కరెక్టు. షెడ్డుల పెట్టి దుబాయి పోయేటోడికి మాత్రం ట్యాంకు పూర్తిగ దించి, కార్బురేటర్ ఖాళీ చేసి పోవుడే.

గోదావరిఖని_2ఎల్
వారానికోసారి అంటే షెడ్డుల ఐదు నిమిషాలు ఐడ్లింగ్ కాదు. సైలెన్సర్ల నీళ్లు చేరి లోపల నుంచే తింటది. రోడ్డు మీద 20 నిమిషాలు, వేడి ముల్లు సగానికి వచ్చినంక ఇంకో పది కిలోమీటర్లు. టార్పాలిన్ కప్పకు, కింది నుంచి తేమ పట్టి పెయింట్ బుడగలు వస్తయి. నూలు కవరే వెయ్యి.

నక్కలగుట్ట_వీటెక్
టైర్ల పక్కన నాలుగంకెలు చూడు. 2316 అంటే 2016ల 23వ వారం. గీతలు ఎంత లోతు ఉన్నా సరే, పదేళ్లు దగ్గర పడ్డ టైర్లతోటి హైవే ఎక్కకు. బ్రేక్ ఆయిల్ కూడ మొత్తం దించి కొత్తది పొయ్యి, వెనుక వీల్ సిలిండర్ల రబ్బర్లు ఎట్లాగూ కారుతయి.

వరంగల్_చౌరస్తా
అయస్కాంతం పెట్టి చూసిన. ఎడమ రన్నింగ్ బోర్డుల ముందు తలుపు కింద పన్నెండు అంగుళాలు పడుతున్నది, సుద్ద గీతలు మూడు. కుడి దిక్కు మొత్తం పట్టింది. డ్రైవర్ ఫ్లోర్ ఖణేల్మంటున్నది, పక్క సీటు కింద అరచేతంత జాగ మెత్తగున్నది. బ్యాటరీ పళ్లెం పోయింది. షాకబ్జర్ల చోటు రెండు దిక్కుల శుభ్రంగ ఉన్నది. బ్రోకర్‌కు వద్దని చెప్పిన. రేకుల పని ముందు పెట్టించుకుంట, ఇంజిన్ తర్వాత.

రేకులపని_హన్మకొండ
మంచి పని చేసినవ్. కోసే ముందు ఇవి చెయ్. పెట్రోల్ ట్యాంకు దించాలె, బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు రెండు పీకాలె. మ్యాట్, సీట్లు, ఫ్లోర్ మీద పోయే వైరింగ్ జరపాలె. తలుపు మూసి, ముందు అంచు దగ్గర, వెనుక అంచు దగ్గర సందు ఎంతుందో కొలిచి రాసుకో. తర్వాత తలుపు విప్పి, ఆ ఖాళీ చట్రంల ఇనుప పైపు అడ్డంగ ఒకటి, ఏటవాలుగ ఒకటి వెల్డింగ్ పెట్టియ్యాలె. పెట్టకుండ రన్నింగ్ బోర్డు కోస్తే బాడీ నడుమల దిగుతది, తర్వాత తలుపు పడదు. బండి జాకీ మీద కాదు, నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలె.

కుళ్లిన దానికి రెండు అంగుళాలు అవతల, మంచి రేకు దాకా కోయమను. మీద ముక్క అతికిచ్చేది ఒప్పుకోకు, రెండు రేకుల నడుమ నీళ్లు నిలబడి రెండు వానకాలాలల్ల మళ్లీ అదే కత. అంచుకు అంచు కలిపి మిగ్ వెల్డింగ్, చుక్క ఇక్కడ ఒకటి, అంగుళం అవతల ఒకటి, చల్లారనిచ్చి నడుమ నింపాలె. గ్యాస్ వెల్డింగ్ పెడితే వేడికి రేకు అలలు తిరుగుతది. లోపలి దిక్కు రంగు మూసే ముందే వెయ్యాలె, తర్వాత చెయ్యి పట్టదు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు వెల్డింగ్‌ల మూసుకపోయి ఉంటయి, డ్రిల్లు పెట్టి మళ్లీ తెరిపించు.

అంత అయినంక అడ్డ పైపులు కోసే ముందే తలుపు ఎక్కించలేవు కాబట్టి, పైపులు తీసి, తలుపు బిగించి, రాసుకున్న సందు మళ్లీ కొలువు. రెండు కొలతలు కలిసినంకనే పెయింటోణ్ని పిలువు.